ఎప్రెవ్‌కు ఏ ఇంగ్లీషు మాట? ఫ్రెంచి ఆటల పదాలను మార్చేటప్పుడు ఎంపిక ఎలా

మోటారు పందేల మీద వచ్చిన ఒక ఫ్రెంచి వ్యాసాన్ని ఇంగ్లీషులోకి మారుస్తూ, ‘ఎసే లీబ్ర్’ అన్న మాట ఎదురైన ప్రతిచోటా ‘ఫ్రీ ట్రయల్స్’ అని రాసి పంపాను. అప్పటికి ఫార్ములా వన్ గురించి నాకు తెలిసింది తక్కువ, నిఘంటువు మీద నమ్మకం ఎక్కువ. సంపాదకుడు ఒకే ఒక్క ప్రశ్న రాసి తిప్పి పంపాడు: ‘నెల గడిచాక చందా ఎంత కట్టాలి?’

ఎసే అంటే ట్రయల్. లీబ్ర్ అంటే ఫ్రీ. విడివిడిగా దేన్నీ తప్పు పట్టలేం. కలిపేసరికి పందెం కార్లు మాయమై, ఏదో యాప్‌ను ఉచితంగా వాడి చూడమనే ప్రకటన మిగిలింది. అసలు పందేనికి ముందు డ్రైవర్లు ట్రాకును అలవాటు చేసుకునే ఆ సమయాన్ని ఇంగ్లీషులో ‘ఫ్రీ ప్రాక్టీస్’ అంటారు, చాలాసార్లు ఉత్త ‘ప్రాక్టీస్’ అనే అంటారు. అవే జట్లు సీజను మొదలుకాక ముందు కొత్త కారు ఎలా నడుస్తుందో చూసుకుంటే, ఫ్రెంచిలో అదీ ఎసేనే. ఇంగ్లీషులో మాత్రం అది ‘టెస్టింగ్’.

అప్పటినుంచి ఇలాంటి మాట కనిపిస్తే నిఘంటువు తెరవకముందే ఒక ప్రశ్న వేసుకుంటున్నాను: ఇది ముగిశాక చేతికి వచ్చేదేమిటి? పతకమా, మార్కులా, ఒక కొలతా, న్యాయస్థానం తీర్పా, మనసుకు తగిలిన గాయమా? ఫ్రెంచి ఒకే మాటతో నెట్టుకొచ్చే చోట ఇంగ్లీషు ఈ ఫలితాన్ని బట్టే వేరువేరు మాటలు వాడుతుంది. ప్రతి పదానికీ ఈ ప్రశ్న సరిపోదు. ఎక్కువమందిని తికమక పెట్టే ఎప్రెవ్ విషయంలో మాత్రం దాదాపు ఎప్పుడూ దారి చూపిస్తుంది.

ఎప్రెవ్: మన ‘పరీక్ష’కు చుట్టం

ముందుగా ఉచ్చారణ గురించి ఒక మాట. నేను ‘ఎప్రెవ్’ అని రాస్తున్నాను గానీ, ఆ రెండో అచ్చుకు తెలుగులో అక్షరం లేదు. పెదవులు గుండ్రంగా చుట్టి ‘ఎ’ అనాలి. అద్దం ముందు సాధన చేయడం మంచిది, ఎవరూ చూడని వేళ.

ఈ మాట దగ్గర తెలుగువారికి ఒక సౌలభ్యం ఉంది. మన ‘పరీక్ష’ బడిలో రాసేది, రక్తానికి చేసేది, దేవుడు పెట్టేది కూడా. అగ్నిపరీక్ష అన్నా మనకు వింతగా ఉండదు. ఎప్రెవ్ కూడా ఇంచుమించు ఇంత మేరా విస్తరించి ఉంటుంది, పైగా ఆటల పోటీని కూడా కలుపుకుంటుంది. కాబట్టి ఫ్రెంచి వాక్యాన్ని అర్థం చేసుకోవడంలో మనకు ఇబ్బంది రాదు. అర్థమైన దాన్ని ఇంగ్లీషులో పెట్టేటప్పుడే, ‘పరీక్ష’ అనగానే ‘టెస్ట్’ అనే అలవాటు మనల్ని పక్కదారి పట్టిస్తుంది.

పతకం వస్తుందంటే అది ‘ఈవెంట్’. ఇందులో సందేహానికి తావు లేదు, ఎందుకంటే ఒలింపిక్స్ మూల నియమావళి అయిన ఒలింపిక్ చార్టర్ ఫ్రెంచిలోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. ఫ్రెంచిలో స్పోర్, దిసిప్లీన్, ఎప్రెవ్ అన్న మూడు మెట్లకు ఇంగ్లీషులో స్పోర్ట్, డిసిప్లిన్, ఈవెంట్ అన్నవే సమానార్థకాలు. ఎవరు ముందు, ఎవరు వెనుక అని తేలి పతకాలు ఇచ్చే పోటీయే ఈవెంట్. 2024 పారిస్ క్రీడల్లో 32 క్రీడలు, 329 ఎప్రెవ్‌లు జరిగాయి. ఆ 329ని ‘ట్రయల్స్’ అంటే ఎవరిని పంపాలో ఇంకా తేలలేదన్న అర్థం వస్తుంది. ‘కాంపిటీషన్స్’ అంటే తప్పుకాదు గానీ, లెక్క చెప్పే వాక్యంలో వదులుగా ఉంటుంది.

చిక్కు ఒకటుంది. డెకాథ్లాన్ మొత్తం ఒక ఎప్రెవ్, పతకం దానికే. అయితే రెండు రోజుల పాటు జరిగే అందులోని పది అంశాలు కూడా ఎప్రెవ్‌లే. ఇంగ్లీషులోనూ ఇదే అవస్థ, అవీ ఈవెంట్లే, ఇదీ ఈవెంటే. రెండూ ఒకే వాక్యంలో వస్తే నేను పెద్దదాన్ని పేరుతోనే పిలిచి, లోపలి పదింటికే ‘ఈవెంట్స్’ అన్న మాటను అట్టిపెడతాను.

మరి ఆటల్లో ‘ట్రయల్స్’ ఎప్పుడు? జట్టుకు ఎంపిక కోసం జరిగేటప్పుడు. అమెరికా వాళ్లు ఒలింపిక్స్‌కు ముందు జరిపే ట్రయల్స్‌ను ఫ్రెంచి పత్రికలు ‘సెలెక్సియోఁ’ అంటాయి. అందువల్ల ‘ఎప్రెవ్ ద సెలెక్సియోఁ’ కనిపిస్తే ట్రయల్స్ అనండి, బహువచనంలోనే. సైకిల్ పందేల్లో వచ్చే ‘టైమ్ ట్రయల్’ దీనికి మినహాయింపు. అక్కడ ఎంపిక లేదు, గెలిచినవాడికి గెలుపు ఉంది. ఫ్రెంచిలో దాన్ని ‘కోంత్ర్ లా మోంత్ర్’ అంటారు, అంటే గడియారానికి ఎదురుగా అని. టూర్ ద ఫ్రాన్స్‌లో ఒక్కొక్కరుగా బయల్దేరే ఈ పోటీ 1934లో మొదలైంది. మోటారు సైకిళ్లతో బండరాళ్ల మీద కాలు కింద పెట్టకుండా ఎక్కే ఆటను ఫ్రెంచివారు ఇంగ్లీషు నుంచి అరువు తెచ్చుకుని ‘త్రియాల్’ అని ఏకవచనంలో అంటారు. తిరిగి ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు చివర ఎస్ చేర్చడం మరవకూడదు.

మార్కులు వచ్చే ఎప్రెవ్‌ను బ్రిటన్ పాఠకులకైతే ‘పేపర్’ అనాలి, అమెరికా వారికైతే ‘ఎగ్జామ్’. ఫ్రాన్స్‌లో బడి చదువు చివర రాసే బాకలోరియాలో తత్వశాస్త్రపు ఎప్రెవ్ అంటే ఫిలాసఫీ పేపర్. అయితే మౌఖిక పరీక్షను పేపర్ అనలేం, అది ‘ఓరల్’.

కొలత వస్తే ‘టెస్ట్’. గుండె వైద్యుడు చేయించే ‘ఎప్రెవ్ దెఫోర్’ ఇంగ్లీషులో ‘స్ట్రెస్ టెస్ట్’. బెల్టు మీద నడిపిస్తారు కదా అని దీన్ని వ్యాయామ పోటీగా మార్చిన అనువాదాన్ని నేను కళ్లారా చూశాను.

గాయం మిగిలితే ‘ఆర్డీల్’, కొన్నిచోట్ల బహువచనంలో ‘ట్రయల్స్’, ఇంకొన్నిచోట్ల సాదాసీదాగా ‘హార్డ్‌షిప్’. ఈ మూడింటిలో నా ఓటు సందర్భాన్ని బట్టి మారుతుంది. బందీగా గడిపిన నెలలు ఆర్డీల్. జీవితంలో ఒకదాని వెంట ఒకటి వచ్చినవి ట్రయల్స్, కాకపోతే ఈ మాటలో కొంచెం ప్రార్థనా మందిరపు వాసన ఉంటుంది. దినపత్రిక వార్తకు హార్డ్‌షిప్ చాలు. అన్నట్టు ఆర్డీల్ అన్న ఇంగ్లీషు మాటకు మొదటి అర్థం నిప్పుతోనో నీళ్లతోనో నిందితుణ్ణి పరీక్షించడం. మన అగ్నిపరీక్షకు ఇంతకంటే దగ్గరి మాట దొరకదు. ఆ చారిత్రక అర్థానికి నేటి ఫ్రెంచిలో ‘ఓర్దాలీ’ అని వేరే మాట ఉంది.

తీర్పు వచ్చేదైతే అసలు ఎప్రెవ్ కానే కాదు. కోర్టులో జరిగేది ‘ప్రొసే’, ఇంగ్లీషులో ‘ట్రయల్’. ఇంగ్లీషు ‘ప్రాసెస్’తో పోలిక చూసి మోసపోవద్దు, దానికి ఫ్రెంచిలో ‘ప్రొసెస్యుస్’ ఉంది. డోపింగ్ కేసుల వార్తల్లో ఎప్రెవ్, ప్రొసే రెండూ పక్కపక్కనే వస్తాయి. అక్కడ రెంటికీ ట్రయల్ అనే రాస్తే ఆ క్రీడాకారుడు పరుగు పందెంలో ఉన్నాడో బోనులో ఉన్నాడో పాఠకుడికి అంతుబట్టదు.

ఇక నా ప్రశ్నకు లొంగని వాడుకలు. అచ్చుపనిలో ఎప్రెవ్ అంటే ‘ప్రూఫ్’, ప్రూఫులు దిద్దడం అనేటప్పుడు మనం వాడేదే. ‘అ లెప్రెవ్ దే బాల్’ అంటే ‘బుల్లెట్‌ప్రూఫ్’. సమ్మె వార్తల్లో తరచు వచ్చే ‘ఎప్రెవ్ ద ఫోర్స్’ బరువులెత్తే పోటీ అనుకునేరు, అది ఇరుపక్షాలూ పట్టు విడవని బలాబలాల తగవు. ఇంగ్లీషులో ‘షోడౌన్’ బాగా నప్పుతుంది.

ఎసే: వెళ్లి తిరిగి వచ్చిన మాట

రగ్బీలో బంతిని ప్రత్యర్థి గీత అవతల నేలకు ఆనించడం ఎసే. ఇంగ్లీషులో ‘ట్రై’. ఇక్కడ ఎంపికే లేదు. తొలినాళ్ల రగ్బీలో బంతిని ఆనించినందుకు పాయింట్లు వచ్చేవి కావు, గోలుకు తన్నే ‘ప్రయత్నం’ చేసుకునే హక్కు మాత్రమే దక్కేది. అందుకే ఇంగ్లీషువారు దాన్ని ట్రై అన్నారు, ఫ్రెంచివారు తమ భాషలో దానికి సరితూగే ఎసేను పెట్టుకున్నారు. ఇప్పుడు మనం చేస్తున్నది ఆ మాటను పుట్టింటికి చేర్చడమే. పదిహేనేసి మంది ఆడే యూనియన్ రగ్బీలో 1992 నుంచి ట్రైకి 5 పాయింట్లు, ఆ తర్వాత తన్ని గోలు చేస్తే మరో 2. ఆ తన్నును ఫ్రెంచిలో ‘త్రాన్స్‌ఫోర్మాసియోఁ’ అంటారు. ఇంగ్లీషులో ‘కన్వర్షన్’, ‘ట్రాన్స్‌ఫర్మేషన్’ కాదు.

ఫ్రెంచి పత్రికలు ఈ ఆట నుంచి ఒక జాతీయాన్ని తీసుకున్నాయి: ‘త్రాన్స్‌ఫోర్మే లెసే’. మొదటి గెలుపును నిలబెట్టుకుని ముందుకు సాగడం అని భావం. రాజకీయాల్లో, వ్యాపార వార్తల్లో అడుగడుగునా వస్తుంది. దీన్ని ‘కన్వర్ట్ ద ట్రై’ అని మక్కికి మక్కి దింపితే రగ్బీ తెలియని అమెరికా పాఠకుడు తెల్లముఖం వేస్తాడు. ఆట గురించి రాసేటప్పుడు అలాగే ఉంచండి, కంపెనీ గురించి రాసేటప్పుడు ఆ బొమ్మను వదిలేసి అర్థాన్ని చెప్పండి. మూల రచయిత చమత్కారం పోతుంది నిజమే. పోనివ్వండి.

లాంగ్ జంప్‌లో, జావెలిన్‌లో ఒక్కొక్కరికి ముందు మూడు ఎసేలు, పైకి వచ్చినవారికి మరికొన్ని. వ్యాఖ్యాతలు వీటిని ‘అటెంప్ట్స్’ అంటారు. నియమావళి ఇంగ్లీషు పాఠంలో ‘ట్రయల్స్’ అన్న వాడుక కూడా ఉంది. వార్త రాస్తుంటే అటెంప్ట్ ఎంచుకోండి, నిబంధనలను అనువదిస్తుంటే ఆ సమాఖ్య తన ఇంగ్లీషు పాఠంలో ఏది వాడిందో అదే. బరువులెత్తే పోటీలో ఎప్పుడూ అటెంప్టే, ‘స్నాచ్’లో మూడు, ‘క్లీన్ అండ్ జెర్క్’లో మూడు.

కుర్ర ఆటగాడు క్లబ్బులో ఎసే ఇచ్చాడంటే బ్రిటన్‌లో ‘ట్రయల్’, అమెరికాలో ‘ట్రైఅవుట్’. కొత్త ఉద్యోగి ఎసే కాలంలో ఉన్నాడంటే ‘ప్రొబేషన్’. మందుల మీద జరిగేది ‘క్లినికల్ ట్రయల్’, బాంబులతో జరిగేది ‘న్యూక్లియర్ టెస్ట్’. రెండూ ప్రయోగాలే కదా, ఒకటి ట్రయల్ మరొకటి టెస్ట్ ఎందుకయింది అని అడిగితే చెప్పడానికి సూత్రం లేదు, వాడుక అలా స్థిరపడింది. ఇలాంటి జంట పదాలను గుర్తుంచుకోవడమే మార్గం.

పోలిక చూపి ముంచేవి

‘కూర్స్’ను చూడగానే ‘కోర్స్’ అనుకుంటారు. అది ‘రేస్’. గోల్ఫ్ కోర్స్‌కు ఫ్రెంచిలో వేరే మాట ఉంది. అయితే ‘కూర్స్ ద తోరో’ను ఎద్దుల రేసు అనకండి. అది మనిషి ఎద్దుతో తలపడే ‘బుల్‌ఫైట్’. ‘కూర్స్ ద కోత్’ తీరం వెంట పరుగు కాదు, కొండదారిలో కార్లు ఎక్కే ‘హిల్ క్లైంబ్’.

‘కోంకూర్’ నాకు ఇష్టమైన మాట, ఎందుకంటే మన ‘పోటీ పరీక్ష’ దానికి సరిగ్గా అతుకుతుంది. ఇన్ని సీట్లే ఉన్నాయి, ముందున్నవారికే దక్కుతాయి అన్న భావం రెంటిలోనూ ఉంది. ఇంగ్లీషులో దానికి ‘కాంపిటిటివ్ ఎగ్జామ్’ అని రెండు మాటలు కలపాల్సిందే. మైదానంలో అర్థం మారుతుంది. అథ్లెటిక్స్‌లో కూర్స్ అంటే పరుగులు, కోంకూర్ అంటే దూకడాలు, విసరడాలు. ఇంగ్లీషులో ‘ట్రాక్ ఈవెంట్స్’, ‘ఫీల్డ్ ఈవెంట్స్’. జిమ్నాస్టిక్స్‌లో ‘కోంకూర్ జెనెరాల్’ అంటే ‘ఆల్ అరౌండ్’. గుర్రాల దగ్గర ‘కోంకూర్ కోంప్లే’ అంటే మూడు రకాల స్వారీ పోటీలు కలిసిన ‘ఈవెంటింగ్’, దాన్నే బ్రిటన్‌లో ‘హార్స్ ట్రయల్స్’ అని కూడా పిలుస్తారు. మళ్లీ ట్రయల్స్! ఈ పోటీలో గుర్రం చేసే మొదటి విన్యాసక్రమాన్ని ఫ్రెంచిలో ‘రెప్రీజ్’ అంటే ఇంగ్లీషులో ‘డ్రెసాజ్ టెస్ట్’ అంటారు. అదే రెప్రీజ్ బాక్సింగ్‌లో ‘రౌండ్’ అవుతుంది.

‘మాంష్’ పుంలింగమైతే పిడి, స్త్రీలింగమైతే చొక్కా చేయి. ఆటలో వచ్చేది స్త్రీలింగమే. టెన్నిస్‌లో ‘సెట్’, మంచు మీద స్లాలమ్‌లో ‘రన్’, మోటోక్రాస్‌లో ‘మోటో’, కెనడా ఫ్రెంచిలో బేస్‌బాల్ గురించి మాట్లాడితే ‘ఇన్నింగ్’. ప్రపంచ కప్పు పోటీలు ఊరూరా తిరుగుతుంటే ఒక్కో మజిలీ ‘రౌండ్’. ఏ ఆటో తెలియకుండా ఈ మాటను అనువదించడం అసాధ్యం. శీర్షిక ఒక్కటే పంపి అనువదించమంటే నేను ఒప్పుకోను.

ఇంకా ‘కాచ్’ అంటే క్యాచ్ పట్టడం కాదు, టీవీలో కండలు చూపించే ‘ప్రొఫెషనల్ రెజ్లింగ్’. ఒలింపిక్ కుస్తీకి ‘ల్యుత్’. ‘బాస్కెత్’ బహువచనంలో కాలికి తొడుక్కునే బూట్లు. ‘తెత్ ద సెరీ’ వరుసకు తల కాదు, ‘సీడ్’. ‘రగ్బీమాన్’, ‘తెనిస్‌మాన్’ ఇంగ్లీషులాగే కనిపిస్తాయి గానీ ఇంగ్లీషువారు అలా అనరు, ‘రగ్బీ ప్లేయర్’, ‘టెన్నిస్ ప్లేయర్’ అంటారు.

మనుషుల హోదాల దగ్గర క్రికెట్ చూసే తెలుగువారు తప్పక పొరబడే మాట ‘సెలెక్సియొనెర్’. మనకు సెలెక్టర్ అంటే గదిలో కూర్చుని జట్టు పేర్లు ప్రకటించేవాడు. ఫ్రెంచి ఫుట్‌బాల్‌లో ఈ మాట జాతీయ జట్టు కోచ్‌ను సూచిస్తుంది. 2018లో ఫ్రాన్స్ ప్రపంచ కప్పు గెలిచినప్పుడు ఆ హోదాలో ఉన్నది డిడియే డెషాంప్. ఇంగ్లీషులో ‘కోచ్’ అనండి, బ్రిటన్ పత్రికకైతే ‘మేనేజర్’. ‘ఆర్బిత్ర్’ ఫుట్‌బాల్‌లో, రగ్బీలో ‘రెఫరీ’, టెన్నిస్ కుర్చీలో కూర్చుంటే ‘అంపైర్’.

డ్రా, టై: ఎవరి కోసం రాస్తున్నారు?

మాట సరిగ్గా దొరికినా పాఠకుడు ఎవరో తేలకపోతే పని పూర్తికాదు. ఫ్రెంచిలో ఎవరూ గెలవని ఆట ‘మాచ్ న్యుల్’, చీటీ తీయడం ‘తిరాజ్ ఓ సోర్’, టెన్నిస్‌లో ఎవరు ఎవరితో ఆడాలో చూపే పట్టిక ‘తాబ్లో’. ఇంగ్లీషు ఈ మూడింటికీ ‘డ్రా’ అనే అంటుంది. ఒకే పేరాలో మూడూ వస్తే కనీసం ఒకదాన్ని మార్చక తప్పదు. అమెరికా పాఠకులకు మాచ్ న్యుల్‌ను ‘టై’ అనవచ్చు. కానీ బ్రిటన్ ఫుట్‌బాల్‌లో ‘కప్ టై’ అంటే కప్పులో ఒక మ్యాచ్, సమానంగా ముగిసిందన్న అర్థమే లేదు. రెండు దేశాల వారూ చదివే వ్యాసమైతే నేను డ్రా వాడి, చీటీల సంగతి వాక్యంలో విడమరిచి చెబుతాను. ‘అత్లెతిస్మ్’కు ‘అథ్లెటిక్స్’ కావాలా, ‘ట్రాక్ అండ్ ఫీల్డ్’ కావాలా అన్నదీ ఇదే లెక్కన తేలుతుంది.

ఫ్రెంచి మాటను ఫ్రెంచిగానే వదిలేయడం

ఇదీ ఒక ఎంపికే, చాలామంది మరచిపోతారు. పడవ పందేల్లో ఓడినవారికి ఇచ్చే రెండో అవకాశాన్ని ఇంగ్లీషులోనూ ‘రెపెషాజ్’ అనే అంటారు. సైకిల్ గుంపు ‘పెలొటోన్’, అందరికంటే చివర ఉన్నవాడు ‘లాంతెర్న్ రూజ్’. కత్తిసాములో ఎపే అనే కత్తి అలాగే ఉంటుంది, ‘ఫ్లెరే’ మాత్రం ‘ఫాయిల్’ అయింది. తమాషా ఏమిటంటే, నాయకుడి కోసం గాలికి ఎదురొడ్డి తొక్కే సహచరుణ్ణి ఇంగ్లీషు సైక్లింగ్ రచయితలు ‘డొమెస్టిక్’ అనే ఫ్రెంచి మాటతో పిలుస్తారు, నేటి ఫ్రెంచివారేమో ‘ఎకిపియే’ అంటారు. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి మార్చడమంటే ఇక్కడ ఒక ఫ్రెంచి మాట తీసి ఇంకో ఫ్రెంచి మాట పెట్టడం. అయితే ఆర్థిక వార్తలో ఒక దేశం పెలొటోన్ ముందు భాగంలో ఉందని వస్తే, అక్కడ ఆ మాటను ఉంచకండి. ఇంగ్లీషు పాఠకుడు సైకిళ్ల కోసం వెతుక్కుంటాడు.

ఎవరిని అడగాలి?

నిఘంటువు ఉన్న అర్థాలన్నీ వరుసగా ఇస్తుంది, ఏది ఎక్కడో ఎప్పుడూ చెప్పదు. యాంత్రిక అనువాదం వాక్యం నిండుగా ఉంటే బాగానే పని చేస్తుంది, పట్టికల్లో, శీర్షికల్లో, ఫలితాల జాబితాల్లో తడబడుతుంది, మాంష్ ఒక్కటే కనిపిస్తే అదేం చేయగలదు పాపం. నేను మొదట వెళ్లేది ఆయా సమాఖ్యల నియమావళికి. సైక్లింగ్ సమాఖ్యకు ఫ్రెంచి, ఇంగ్లీషు రెండు పాఠాలూ ఉన్నాయి. అంతర్జాతీయ కత్తిసాము పోటీల్లో రెఫరీ ఆజ్ఞలే ఫ్రెంచిలో వినిపిస్తాయి. అధికరణాల సంఖ్య పట్టుకుని రెండు పాఠాలూ పక్కపక్కన పెట్టుకుంటే సగం సందేహాలు తీరిపోతాయి. నియమావళిలో లేనివి, అంటే పత్రికల వర్ణనలు, జాతీయాలు ఎదురైతే, అదే పోటీ మీద ఇంగ్లీషు విలేకరి రాసిన వార్తను చదువుతాను. అనువాదం కాని ఇంగ్లీషు అయి ఉండాలి, అది ముఖ్యం.

ఇంత చేసినా తేలని మాట ఒకటి నా బల్ల మీద ఇప్పటికీ ఉంది: ‘ఎప్రెవ్ రెన్’. క్రీడల్లో అన్నిటికంటే గొప్పగా ఎంచే పోటీ, అథ్లెటిక్స్‌లో 100 మీటర్ల పరుగు లాంటిది. రెన్ అంటే రాణి, అయినా ‘క్వీన్ ఈవెంట్’ అంటే అది మహిళల పోటీ అనుకుంటారు. బ్రిటన్ వారికి ‘బ్లూ రిబాండ్ ఈవెంట్’ అని చక్కని మాట ఉంది, అమెరికా పాఠకుడికి అది కొత్త. ‘మార్కీ ఈవెంట్’ అమెరికాకు నప్పుతుంది గానీ అందులో టిక్కెట్ల అమ్మకం వినిపిస్తుంది, రాచఠీవి వినిపించదు. ప్రస్తుతానికి బ్రిటన్‌కు బ్లూ రిబాండ్, అమెరికాకు మార్కీ పంపుతున్నాను. ఇద్దరూ చదివేదైతే ఆ విశేషణాన్ని తీసేసి, అందరూ ఎదురుచూసేది ఆ పరుగు కోసమేనని వాక్యంలోనే చెబుతున్నాను.